జావా, కోట్లిన్ కలిసి నడిచే ఆండ్రాయిడ్ యాప్‌లో నల్ విలువల సంగతి ఎక్కడ తేల్చాలి?

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్ళీ చెబుతాను. మీ ఆండ్రాయిడ్ యాప్ ఏళ్ళ తరబడి జావాలో ఉంది, కొత్త స్క్రీన్లను కోట్లిన్‌లో రాస్తున్నారు. కోట్లిన్‌కు మారితే నల్ పాయింటర్ ఎక్సెప్షన్ల (నల్, అంటే ఏ విలువా లేని స్థితి, ఉన్నచోట విలువ ఉందనుకుని వాడితే వచ్చే క్రాష్‌ల) బెడద పోతుందని విన్నారు, కానీ క్రాష్ రిపోర్టుల్లో అవి తగ్గలేదు సరికదా, కొన్ని కోట్లిన్ ఫైళ్ళ నుంచే వస్తున్నాయి. జావా నుంచి వచ్చే ప్రతి టైప్‌కూ ప్రశ్నార్థకం (నల్ కావచ్చని చెప్పే గుర్తు) తగిలించాలా, రెండు ఆశ్చర్యార్థకాలు (నల్ కాదని మనమే పూచీపడే గుర్తు) పెట్టి ముందుకు సాగాలా, లేక జావా కోడ్ మొత్తాన్ని కోట్లిన్‌లోకి మార్చేదాకా ఇది తీరదా అని అడిగారు.

ఈ మూడింటిలో ఏదీ సరైన దారి కాదు. ఒక విలువ జావా నుంచి కోట్లిన్‌లోకి అడుగుపెట్టే చోటే అది నల్ కావచ్చా, కాకూడదా అన్నది తేల్చి టైప్‌లో రాసేయాలి. తేలని విలువను లోపలికి రానివ్వకూడదు. మీ జావా కోడ్ మీ చేతిలోనే ఉంది కాబట్టి ముందు అక్కడ యానొటేషన్లు, అంటే నల్ కావచ్చో కాదో కంపైలర్‌కు చెప్పే గుర్తులు, పెట్టండి. మీ చేతిలో లేని లైబ్రరీలకు కోట్లిన్ వైపు ఒక పలుచని పొర రాసి, అందులో ప్రతి ఫంక్షన్‌కూ రిటర్న్ టైప్‌ను విధిగా పేర్కొనండి. సర్వర్ నుంచి డేటా వచ్చే టెక్స్ట్ రూపమైన జేసన్ సంగతి మాత్రం వేరు. దాన్ని యానొటేషన్లు కాపాడలేవు, అందుకే దాని గురించి విడిగా, కాస్త ఎక్కువగా రాస్తాను.

ముందుగా కోట్లిన్ ఫైల్‌లోనే నల్ ఎక్సెప్షన్ ఎలా వస్తుందో చూద్దాం. కోట్లిన్‌లో స్ట్రింగ్, ప్రశ్నార్థకం ఉన్న స్ట్రింగ్ అనేవి రెండు వేర్వేరు టైప్‌లు. జావాలో ఆ భేదం లేదు. జావా మెథడ్ ఒక స్ట్రింగ్‌ను తిరిగి ఇస్తుందంటే అది నల్ కావచ్చో లేదో ఆ మెథడ్ సంతకంలో (పేరు, పారామీటర్లు, రిటర్న్ టైప్ ఉండే ప్రకటనలో) ఎక్కడా ఉండదు. జావా నుంచి వచ్చే ప్రతిదాన్నీ నల్ కాగల టైప్‌గా లెక్కగట్టి ఉంటే, ఒక లిస్టులోని ప్రతి అంశానికీ, మ్యాప్‌లోని ప్రతి విలువకూ పరీక్ష రాయవలసి వచ్చి, రెండు భాషలను కలిపి వాడటం దుర్భరమయ్యేది. అందుకే కోట్లిన్ రూపకర్తలు ప్లాట్‌ఫామ్ టైప్ అనే మధ్యేమార్గం ఎంచుకున్నారు. ఆండ్రాయిడ్ స్టూడియోలో టైప్ పక్కన ఒకే ఒక్క ఆశ్చర్యార్థకం కనిపిస్తే అదే ప్లాట్‌ఫామ్ టైప్. మీరు దాన్ని కోడ్‌లో రాయలేరు, కంపైలర్ మాత్రమే చూపిస్తుంది. దాని విషయంలో కంపైలర్ మిమ్మల్ని అడ్డుకోదు: నల్ కాని విలువగా వాడినా ఒప్పుకుంటుంది, నల్ కాగల విలువగా వాడినా ఒప్పుకుంటుంది. బాధ్యత పూర్తిగా రాసేవారిది.

అసలు చిక్కు ఈ టైప్ పాకిపోవడంలో ఉంది. జావా మెథడ్ ఇచ్చిన విలువను టైప్ రాయకుండా ఒక వేరియబుల్‌లో పెడితే ఆ వేరియబుల్‌కూ ప్లాట్‌ఫామ్ టైపే వస్తుంది. దాన్ని ఒకే వాక్యపు ఫంక్షన్‌లో, రిటర్న్ టైప్ రాయకుండా తిరిగి ఇస్తే ఆ ఫంక్షన్ టైప్ కూడా అదే అవుతుంది. అక్కడి నుంచి ఆ ఫంక్షన్‌ను పిలిచే ప్రతిచోటికీ ఆ అనిశ్చితి చేరుతుంది, పైకి మాత్రం అంతా శుద్ధమైన కోట్లిన్‌లానే కనిపిస్తుంది. అందుకే మా బృందంలో ఒక నియమం పెట్టుకున్నాం: జావాను నేరుగా తాకే ప్రతి కోట్లిన్ ఫంక్షన్‌కూ, ప్రాపర్టీకీ టైప్ రాసి తీరాలి. ఆండ్రాయిడ్ స్టూడియోలో ప్లాట్‌ఫామ్ టైప్ బయటికి పొక్కుతున్న చోట్లను పసుపు గీతతో చూపించే తనిఖీ ఒకటి ఉంది. దాన్ని ఎర్రర్ స్థాయికి పెంచుకుంటే కోడ్ రాసేవారికి అక్కడికక్కడే తెలుస్తుంది.

టైప్ రాయడం వల్ల ఒరిగేదేమిటి, నల్ వస్తే ఎలాగూ క్రాష్ అవుతుంది కదా అని మీరు అడగవచ్చు. తేడా క్రాష్ అయ్యే చోటులో ఉంది. ప్లాట్‌ఫామ్ టైప్ విలువను నల్ కాని టైప్ ఉన్న వేరియబుల్‌లో పెట్టినప్పుడు కంపైలర్ సరిగ్గా ఆ వాక్యం దగ్గర ఒక రన్‌టైమ్ పరీక్షను చేర్చుతుంది. అలాగే పబ్లిక్ ఫంక్షన్ల మొదట్లో, నల్ కాని ప్రతి పారామీటర్‌కూ ఒక పరీక్ష పెడుతుంది. ప్రైవేట్ ఫంక్షన్లకు పెట్టదు. కాబట్టి టైప్ రాస్తే దోషం పుట్టిన గుమ్మంలోనే పట్టుబడుతుంది. రాయకపోతే ఆ నల్ విలువ నాలుగు క్లాసులు దాటి, ఏదో ఒక అడాప్టర్‌లో టెక్స్ట్ పొడవు లెక్కించే వాక్యం దగ్గర బయటపడుతుంది, అప్పుడు స్టాక్ ట్రేస్‌లో (క్రాష్ అయ్యేదాకా ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే జాబితాలో) అసలు దోషి పేరే ఉండదు.

ఈ సందర్భంలోనే మీ క్రాష్ రిపోర్టులను ఎలా చదవాలో చెబుతాను, ఎందుకంటే సందేశాన్ని బట్టే నల్ ఏ దారిన వచ్చిందో చాలావరకు తెలిసిపోతుంది.

“పారామీటర్ స్పెసిఫైడ్ యాజ్ నాన్-నల్ ఈజ్ నల్” అని ఉంటే, జావా కోడ్ ఒక కోట్లిన్ ఫంక్షన్‌ను పిలుస్తూ నల్ పంపిందని అర్థం. ఆ ఫంక్షన్ మీరు ఓవర్‌రైడ్ చేసినదైతే (తల్లి క్లాస్‌లోని లేదా ఇంటర్‌ఫేస్‌లోని మెథడ్‌ను తిరగరాసినదైతే) పిలిచింది ఆండ్రాయిడ్ ఫ్రేమ్‌వర్కే కావచ్చు. ఏదో ఒక ఎక్స్‌ప్రెషన్ పేరు, దాని తరువాత “మస్ట్ నాట్ బీ నల్” అని ఉంటే, జావా నుంచి తెచ్చుకున్న విలువ సరిహద్దులోనే పట్టుబడిందన్నమాట. ఏ సందేశమూ లేని నల్ పాయింటర్ ఎక్సెప్షన్ సాధారణంగా రెండు ఆశ్చర్యార్థకాల పుణ్యం. ఇక “అటెంప్ట్ టు ఇన్వోక్ వర్చువల్ మెథడ్... ఆన్ ఎ నల్ ఆబ్జెక్ట్ రిఫరెన్స్” అనే పాత జావా సందేశం కోట్లిన్ ఫైల్ నుంచి వస్తే జాగ్రత్త పడండి. ప్లాట్‌ఫామ్ టైప్ విలువను ఏ పరీక్షా లేకుండా నేరుగా వాడినప్పుడు అది వస్తుంది. అలా కాకుండా నల్ కాదని మీరు స్పష్టంగా ప్రకటించిన ఫీల్డ్ మీదే వచ్చిందంటే, నల్ దొడ్డిదారిన దూరిందన్నమాట, అది దాదాపు ఎప్పుడూ రిఫ్లెక్షన్ (యాప్ నడుస్తున్నప్పుడు ఫీల్డులను వెతికి నేరుగా మార్చే పద్ధతి) వల్లనో, ఆబ్జెక్ట్ నిర్మాణ క్రమం వల్లనో జరుగుతుంది. కోట్లిన్ 1.4కు ముందు పారామీటర్ పరీక్ష విఫలమైతే ఇల్లీగల్ ఆర్గ్యుమెంట్ ఎక్సెప్షన్ వచ్చేది. 1.4 నుంచి ఈ పరీక్షలన్నీ నల్ పాయింటర్ ఎక్సెప్షన్‌నే విసురుతున్నాయి. కోట్లిన్ వెర్షన్ పెంచాక నల్ క్రాష్‌లు హఠాత్తుగా ఎక్కువైనట్టు కనిపిస్తే, పేరు మారిన పాత క్రాష్‌లు వాటిలో ఎన్ని ఉన్నాయో ముందు చూసుకోండి.

ఇప్పుడు జావా వైపు యానొటేషన్ల సంగతి. ఆండ్రాయిడ్‌ఎక్స్ వారి నాన్‌నల్, నల్లబుల్ యానొటేషన్లను కోట్లిన్ కంపైలర్ అర్థం చేసుకుంటుంది. అవి ఉన్నచోట ప్లాట్‌ఫామ్ టైప్ మాయమై అసలైన కోట్లిన్ టైప్ వస్తుంది. కోట్లిన్ నుంచి పిలుస్తున్న క్లాసులతో మొదలుపెట్టండి, వాటిలోనూ ముందు రిటర్న్ విలువలు, తరువాత పారామీటర్లు. ఆండ్రాయిడ్ స్టూడియోలో నల్లిటీని ఊహించి యానొటేషన్లు పెట్టే పరికరం ఉంది, పని మొదలుపెట్టడానికి పనికొస్తుంది, కానీ అది పెట్టిన ప్రతి యానొటేషన్‌నూ మెథడ్ లోపలి కోడ్ చదివి నిర్ధారించుకోవాలి.

తప్పుగా పెట్టిన నాన్‌నల్ యానొటేషన్, అసలు లేనిదానికన్నా ఎక్కువ హాని చేస్తుంది. యానొటేషన్ లేకపోతే జాగ్రత్త గల ప్రోగ్రామర్ ఒక ఎల్విస్ ఆపరేటర్ (నల్ అయితే బదులు విలువ ఇచ్చే గుర్తు) రాసి బయటపడతాడు. నాన్‌నల్ అని ఉంటే ఆ ఎల్విస్ అనవసరమని కంపైలరే హెచ్చరిస్తుంది, శుభ్రంగా కోడ్ రాయాలనుకునే సహోద్యోగి ఎవరో దాన్ని తీసేస్తారు. ఇది ఊహ కాదు. ఆండ్రాయిడ్ ఏపీఐ 33లో జెశ్చర్ లిజనర్‌కు చెందిన ఆన్‌ఫ్లింగ్, ఆన్‌స్క్రోల్ మెథడ్లలోని మొదటి మోషన్ ఈవెంట్‌ను నాన్‌నల్‌గా ప్రకటించారు. నిజ జీవితంలో అది కొన్నిసార్లు నల్‌గా వస్తుంది. అప్పటిదాకా ప్రశ్నార్థకంతో రాసుకున్న కోట్లిన్ కోడ్ కొత్త ఎస్‌డీకేతో కంపైల్ కాలేదు. ప్రశ్నార్థకం తీసేసి కంపైల్ చేసుకున్న యాప్‌లు వాడకందారుల ఫోన్లలో క్రాష్ అయ్యాయి. ఏపీఐ 34లో దాన్ని నల్లబుల్‌గా సవరించారు. అంత పెద్ద ప్లాట్‌ఫామ్‌లోనే ఒక్క యానొటేషన్ ఇంత చేయగలిగితే, మన యాప్‌లో గబగబా పెట్టే వందల యానొటేషన్ల విషయంలో ఎంత నిదానం అవసరమో ఆలోచించండి. మెథడ్ చదివాక కూడా నమ్మకం కుదరకపోతే నల్లబుల్ అనే పెట్టండి, వాడే చోట ఒక వాక్యం పెరుగుతుంది, అంతే.

ఏ యానొటేషన్లు వాడాలన్న విషయంలో ఒక మాట. ఇన్నాళ్ళూ జావా లోకంలో ఒక్కో సంస్థ ఒక్కో రకం యానొటేషన్లు తయారుచేసుకుంది, వాటిని ఏకం చేయాలన్న జేఎస్ఆర్-305 ప్రయత్నం మధ్యలోనే ఆగిపోయింది. అందరికీ ఒకే ప్రమాణం కావాలని పలు సంస్థలు కలిసి రూపొందించిన జేస్పెసిఫై 1.0.0 వెర్షన్ 2024 జులైలో విడుదలైంది. దానిలో నాకు బాగా నచ్చిన అంశాలు రెండు. ఒక ప్యాకేజీకి లేదా క్లాస్‌కు నల్‌మార్క్డ్ అని పెడితే అందులో ప్రత్యేకంగా చెప్పనిదంతా నల్ కానిదిగా లెక్క, కాబట్టి ప్రతి మెథడ్‌కూ విడివిడిగా రాయనక్కరలేదు. రెండోది, యానొటేషన్‌ను టైప్ లోపల కూడా పెట్టవచ్చు, అంటే లిస్ట్ నల్ కాదు కానీ అందులోని అంశాలు నల్ కావచ్చు అని చెప్పవచ్చు. ఆండ్రాయిడ్‌ఎక్స్ యానొటేషన్‌ను లిస్ట్ తిరిగి ఇచ్చే మెథడ్ మీద పెడితే అది లిస్ట్ గురించే చెబుతుంది, లోపలి అంశాలు ప్లాట్‌ఫామ్ టైప్‌గానే మిగిలిపోతాయి. జావా నుంచి వచ్చిన లిస్టులోని ఒక్క నల్ అంశం, లిస్టును చివరిదాకా స్క్రోల్ చేసినప్పుడే బయటపడే క్రాష్‌గా మారడం నేను పలుమార్లు చూశాను. జేస్పెసిఫై లేనిచోట సరిహద్దు పొరలోనే, నల్ అంశాలను తీసేసే ఫిల్టర్‌నాట్‌నల్ పిలవండి.

ఓవర్‌రైడ్ల విషయంలో ప్రత్యేక శ్రద్ధ కావాలి. జావా ఇంటర్‌ఫేస్‌లో యానొటేషన్ లేకపోతే, కోట్లిన్‌లో ఓవర్‌రైడ్ చేసేటప్పుడు ఆ పారామీటర్‌కు ప్రశ్నార్థకం పెట్టాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం, ఎటు రాసినా కంపైల్ అవుతుంది. ఇక్కడ మాత్రం నేను నిస్సంకోచంగా ప్రశ్నార్థకం వైపే ఉంటాను. ఎడిట్ టెక్స్ట్‌లో ఎడిటర్ యాక్షన్ లిజనర్ ఉంది కదా, అందులోని కీ ఈవెంట్ ఎంటర్ కీ నొక్కినప్పుడే ఉంటుందని, మిగతా సందర్భాల్లో నల్ అని డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. దాన్ని నల్ కాని టైప్‌గా రాసిన యాప్, సాఫ్ట్ కీబోర్డు మీద సెర్చ్ గుర్తు నొక్కగానే క్రాష్ అవుతుంది. ఎమ్యులేటర్‌లో కంప్యూటర్ కీబోర్డుతో పరీక్షించే డెవలపర్‌కు ఇది కనపడకపోవచ్చు.

ఇప్పుడు జేసన్. నా అనుభవంలో, ‘నల్ కాని టైప్ రాశాను, అయినా నల్ వచ్చింది’ అనే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడివే. పాత జావా యాప్‌లలో సాధారణంగా జేసన్‌ను ఆబ్జెక్టులుగా మార్చే జీసన్ లైబ్రరీ ఉంటుంది. దాన్ని అలాగే ఉంచి, మోడల్ క్లాసులను మాత్రం కోట్లిన్ డేటా క్లాసులుగా మారుస్తారు. జీసన్‌కు కోట్లిన్ టైప్‌ల గురించి ఏమీ తెలియదు. క్లాస్‌కు పారామీటర్లు లేని కన్‌స్ట్రక్టర్ (ఆబ్జెక్ట్‌ను తయారుచేసే కోడ్) దొరకకపోతే అది జేవీఎంలోని అన్‌సేఫ్ సౌకర్యంతో కన్‌స్ట్రక్టర్‌ను పిలవకుండానే ఆబ్జెక్ట్‌ను సృష్టిస్తుంది, తరువాత రిఫ్లెక్షన్‌తో ఫీల్డులు నింపుతుంది. కన్‌స్ట్రక్టర్ నడవలేదు కాబట్టి కోట్లిన్ పరీక్షలూ నడవలేదు, మీరు రాసిన డిఫాల్ట్ విలువలూ రాలేదు. సర్వర్ ఒక ఫీల్డ్ పంపకపోతే, నల్ కాదని మీరు ప్రకటించిన ప్రాపర్టీలో నల్ కూర్చుంటుంది, దాన్ని చదివినప్పుడు కూడా ఏ పరీక్షా ఉండదు.

దీనికి విరుగుడుగా అన్ని ప్రాపర్టీలకూ డిఫాల్ట్ విలువలు ఇవ్వమని కొందరు చెబుతారు. అది సగం మందు. అన్నిటికీ డిఫాల్ట్ ఉంటే కోట్లిన్ పారామీటర్లు లేని కన్‌స్ట్రక్టర్‌ను కూడా తయారుచేస్తుంది, జీసన్ దాన్ని వాడుతుంది, కాబట్టి ఫీల్డ్ అసలు రాకపోతే డిఫాల్ట్ నిలుస్తుంది. కానీ సర్వర్ ఆ ఫీల్డ్‌ను పంపి, విలువగా నల్ అని రాస్తే జీసన్ ఆ నల్‌ను తీసుకొచ్చి మీ డిఫాల్ట్ మీద రాసేస్తుంది. ఇంట్, బూలియన్ వంటి ప్రిమిటివ్ ఫీల్డులకు నల్ రాయడం కుదరదు కాబట్టి వాటిని వదిలేస్తుంది, స్ట్రింగ్‌కూ, లిస్టుకూ, మీ సొంత క్లాసులకూ ఆ రక్షణ లేదు. ఒకే క్లాస్‌లో కొన్ని ఫీల్డులు క్షేమంగా, కొన్ని నల్‌గా కనిపించి డెవలపర్లు తికమకపడేది ఇందుకే.

దారులు రెండు. కోట్లిన్ టైప్‌లను గౌరవించే లైబ్రరీకి మారడం మొదటిది: కోట్లిన్‌ఎక్స్ సీరియలైజేషన్ గానీ, కోట్లిన్ అడాప్టర్లతో మోషీ గానీ వాడితే, నల్ కాకూడని ఫీల్డ్‌కు నల్ వచ్చిన చోటే, ఫీల్డ్ పేరుతో సహా ఎక్సెప్షన్ వస్తుంది. రెండోది, నెట్‌వర్క్ నుంచి వచ్చే డేటాకు విడిగా క్లాసులు రాసి, వాటిలోని ప్రతి ఫీల్డ్‌నూ నల్ కాగలదిగానే ప్రకటించి, యాప్ లోపల వాడే క్లాసులోకి మార్చే ఒక మ్యాపర్ ఫంక్షన్ రాయడం. నేను రెండోదానికే ఎక్కువ మొగ్గు చూపుతాను. లైబ్రరీ కఠినంగా ఉంటే, యాభై ఆర్డర్లున్న లిస్టులో ఒక్క ఆర్డర్‌లో ఒక్క ఫీల్డ్ లోపించినా మొత్తం స్పందన విఫలమై ఖాళీ స్క్రీన్ వస్తుంది. మ్యాపర్‌లో అయితే ఆ ఒక్క ఆర్డర్‌ను పక్కనపెట్టి, దాన్ని లాగ్‌లో నమోదుచేసి, మిగతావి చూపించవచ్చు. ఏ ఫీల్డ్ లేకపోతే ఆర్డర్‌కే అర్థం లేదు, ఏది లేకపోయినా ఫరవాలేదు అన్న నిర్ణయం ఒక లైబ్రరీ తీసుకోగలిగేది కాదు, ఆ వ్యాపారం తెలిసినవారే తీసుకోవాలి.

ఆ నిర్ణయాలు ఎంత సూక్ష్మమైనవో చెప్పడానికి మన దగ్గరి ఉదాహరణ ఒకటి ఇస్తాను. నేను పనిచేసిన ఒక యాప్‌లో ఖాతా తెరిచే ఫారం ఉండేది, పేరును మొదటి పేరు, చివరి పేరు అని రెండు ఫీల్డులుగా తీసుకునేది. మనవాళ్ళలో చాలామందికి ఇంటిపేరు మొదట ఒక అక్షరంగానే ఉంటుంది, కొందరి పత్రాల్లో ఒకే పేరు ఉంటుంది. అందువల్ల సర్వర్ నుంచి చివరి పేరు కొన్నిసార్లు నల్‌గా, కొన్నిసార్లు ఖాళీ స్ట్రింగ్‌గా, కొన్ని పాత రికార్డుల్లో ఒక చుక్కగా వచ్చేది. జావా కోడ్ ఈ మూడింటినీ ఒక యుటిలిటీ మెథడ్‌తో చూసుకునేది, కోట్లిన్ స్క్రీన్ మాత్రం చివరి పేరు తప్పక ఉంటుందని నమ్మింది. దాన్ని సరిచేసేటప్పుడు నల్ వస్తే ఖాళీ స్ట్రింగ్ పెడదామన్న ప్రతిపాదన వచ్చింది, నేను ఒప్పుకోలేదు. చివరి పేరు లేని మనిషి వేరు, చివరి పేరు ఇంకా అడగని మనిషి వేరు. మొదటివారిని మళ్ళీ అడిగి ఇబ్బంది పెట్టకూడదు, రెండోవారిని అడగాలి. చివరికి మ్యాపర్‌లో పేరుకు ఒక సీల్డ్ క్లాస్ (ఉండగల స్థితులన్నీ ముందే ఖాయంచేసిన క్లాస్) పెట్టి ఆ రెండు స్థితులకూ వేర్వేరు పేర్లు ఇచ్చాం. నల్ అనే ఒక్క విలువ రెండు మూడు అర్థాలను మోస్తున్నట్టు కనిపిస్తే, దాన్ని ప్రశ్నార్థకంతో ముందుకు పంపకండి, సరిహద్దులోనే విడగొట్టండి.

ఇందాక నిర్మాణ క్రమం అన్నాను కదా, దాని గురించీ తెలుసుకోవాలి. ఆండ్రాయిడ్‌లోని టెక్స్ట్‌వ్యూ తన కన్‌స్ట్రక్టర్ లోపలే టెక్స్ట్‌ను అమర్చుతుంది, ఆ క్రమంలో ఆన్‌టెక్స్ట్‌ఛేంజ్డ్ మెథడ్‌ను పిలుస్తుంది. మీరు కోట్లిన్‌లో దానికి ఉపక్లాస్ రాసి, ఆ మెథడ్‌ను ఓవర్‌రైడ్ చేసి, అందులో మీ సొంత లిస్టును తాకారనుకోండి. జావా తల్లి క్లాస్ కన్‌స్ట్రక్టర్ ముగిసేదాకా మీ ప్రాపర్టీలకు విలువలు రావు, కాబట్టి నల్ కాదని రాసిన ఆ లిస్ట్ అప్పటికి నల్‌గానే ఉంటుంది. ఇలాంటి చోట ఆ ప్రాపర్టీని నల్ కాగలదిగా రాయడమే నిజాయితీ, కంపైలర్ హెచ్చరించినా సరే.

జావా నుంచి కోట్లిన్‌ను పిలిచే దిశలో చిక్కులు తక్కువే. కోట్లిన్ కంపైలర్ తన ఫంక్షన్ల మీద నల్ యానొటేషన్లను తానే రాస్తుంది, జావా ఫైల్‌లో స్టూడియో వాటిని చూసి హెచ్చరిస్తుంది, జావా కంపైలర్ మాత్రం పట్టించుకోదు. లేట్‌ఇనిట్ ప్రాపర్టీల (విలువను తరువాత ఇస్తామని ప్రకటించినవాటి) విషయంలో ఒక చిన్న సందు ఉంది: వాటి ఫీల్డ్ జావాకు నేరుగా కనిపిస్తుంది, కాబట్టి జావా కోడ్ ఆ ఫీల్డ్‌ను తొందరపడి చదివితే కోట్లిన్‌లో వచ్చే స్పష్టమైన ఎక్సెప్షన్ రాదు, మౌనంగా నల్ చేతికొస్తుంది. ఇంకొకటి, యాప్ పరిమాణమో వేగమో మెరుగవుతుందని కొందరు ఆర్8 (యాప్‌ను కుదించే పరికరం) నియమాలతోనో, కంపైలర్ ఆప్షన్లతోనో ఈ పరీక్షలను తొలగిస్తారు. పూర్తిగా కోట్లిన్‌లో ఉన్న యాప్‌లో దాని గురించి వాదించుకోవచ్చు. రెండు భాషలున్న యాప్‌లో ఆ పని చేయకండి, ఉన్న కాపలాను మీరే తీసేసినట్టవుతుంది.

ఇక మీరు అడిగిన రెండు ఆశ్చర్యార్థకాలు. నేను వాటిని నిషేధించమనను, కానీ రిక్వైర్‌నాట్‌నల్ ఫంక్షన్‌లో ఒక సందేశం రాసి వాడమంటాను, ఎందుకంటే క్రాష్ రిపోర్టు చదివేవారికి ఆ సందేశమే ఆధారం. నాకు వాటికన్నా ఎక్కువ ఆందోళన కలిగించేది రెండో అతి. ప్రశ్నార్థకం, చుక్క, లెట్ అని రాసుకుంటూ పోతే క్రాష్ రాదు, పని కూడా జరగదు. డబ్బు చెల్లించే బటన్ నొక్కినప్పుడు కార్ట్ నల్ అయితే ఏమీ చేయకుండా ఊరుకునే కోడ్‌ను నేను సమీక్షల్లో చాలాసార్లు వెనక్కి పంపాను. వాడకందారు బటన్‌ను మళ్ళీ మళ్ళీ నొక్కుతాడు, ఏమీ కాదు, మన రిపోర్టుల్లో ఏ జాడా ఉండదు. నల్ వచ్చినప్పుడు వాడకందారుకు ఏం కనిపించాలో రాయలేకపోతే, ఆ నల్‌ను మింగే హక్కు ఆ వాక్యానికి లేదు.

మీ యాప్‌కు ఐఓఎస్ రూపం కూడా ఉందని రాశారు కాబట్టి అటువైపూ కొంత చెబుతాను. స్విఫ్ట్, ఆబ్జెక్టివ్-సీ కలిసినచోట సమస్య ఇదే, స్వభావం వేరు. ఆబ్జెక్టివ్-సీలో నిల్‌కు మెసేజ్ పంపితే క్రాష్ కాదు, నిల్ లేదా సున్నా తిరిగి వస్తుంది, కాబట్టి పాత కోడ్‌లో నిల్ ఏళ్ళ తరబడి ఎవరికీ తెలియకుండా తిరుగుతూ ఉండవచ్చు. యానొటేషన్ లేని ఆబ్జెక్టివ్-సీ మెథడ్ స్విఫ్ట్‌కు ఇంప్లిసిట్లీ అన్‌రాప్డ్ ఆప్షనల్‌గా కనిపిస్తుంది. 2015లో ఎక్స్‌కోడ్ 6.3తో నల్లబిలిటీ యానొటేషన్లు వచ్చాయి, ఫైల్ మొత్తాన్ని నాన్‌నల్‌గా భావించమనే మాక్రోల జత కూడా ఉంది. ఆ మాక్రోను పాత హెడర్ ఫైల్ చుట్టూ చదవకుండా చుట్టేయడం ప్రమాదం. నాన్‌నల్ అని చెప్పిన ఆబ్జెక్టివ్-సీ మెథడ్ నిల్ ఇస్తే స్విఫ్ట్ సరిహద్దులో కోట్లిన్ మాదిరి పరీక్షను మీరు ఆశించకూడదు, ఆ నిల్ లోపలికి వెళ్ళి ఎక్కడ ఎలా బయటపడుతుందో చెప్పలేం. డీబగ్ బిల్డుల్లో క్లాంగ్ వారి నల్లబిలిటీ శానిటైజర్‌ను ఆన్ చేస్తే ఇలాంటివి చాలా దొరుకుతాయి. జేసన్‌లోని నల్ అక్కడ నిల్‌గా రాదు, ఎన్‌ఎస్‌నల్ అనే నిజమైన ఆబ్జెక్ట్‌గా వస్తుంది. దాన్ని స్ట్రింగ్ అనుకుని పొడవు అడిగితే యాప్ కూలిపోతుంది. స్విఫ్ట్‌లో డిక్షనరీ నుంచి తీసేటప్పుడు షరతుతో కూడిన క్యాస్ట్ వాడితే నిల్, ఎన్‌ఎస్‌నల్ రెండూ ఒకే దారిలో తేలిపోతాయి.

ఫ్లట్టర్ (డార్ట్ భాషలో యాప్‌లు రాసే సాధనం) వాడేవారికి కూడా ఇదే వర్తిస్తుంది. డార్ట్ 2021లో 2.12 వెర్షన్‌తో నల్ సేఫ్టీ తెచ్చుకుంది, అయినా ఆండ్రాయిడ్, ఐఓఎస్ కోడ్‌తో మాట్లాడే ప్లాట్‌ఫామ్ ఛానల్ అవతలి నుంచి వచ్చేదానికి ఆ హామీ లేదు. చేతితో మ్యాప్‌లు విప్పే బదులు పిజియన్ పరికరంతో రెండు వైపులా కోడ్ తయారుచేసుకుంటే, ఏ ఫీల్డ్ నల్ కావచ్చో ఒకేచోట రాసినట్టవుతుంది.

జావా మొత్తాన్ని మార్చాలా అన్న మీ చివరి ప్రశ్నకు వస్తాను. అవసరం లేదు, మార్చినా జేసన్, ఇంటెంట్ ఎక్స్‌ట్రాలు (స్క్రీన్ల మధ్య పంపే డేటా), ఫ్రేమ్‌వర్క్ పిలుపులు అలాగే ఉంటాయి. మార్చదలుచుకుంటే ఎక్కువ కోట్లిన్ ఫైళ్ళు ఆధారపడిన మోడల్, యుటిలిటీ క్లాసులతో మొదలుపెట్టండి. మార్చే ముందే జావా ఫైల్‌లో యానొటేషన్లు పెట్టండి, తరువాత కాదు. ఆండ్రాయిడ్ స్టూడియోలోని కన్వర్టర్ వాటిని చదివి టైప్‌లు నిర్ణయిస్తుంది. అవి లేకపోతే తన ఊహ ప్రకారం ప్రశ్నార్థకాలు, వాటి వెంట రెండు ఆశ్చర్యార్థకాలు చల్లుతుంది, వాటిని ఏరడానికి మార్చడానికి పట్టినదానికన్నా ఎక్కువ సమయం పడుతుంది.

కోట్లిన్ వెర్షన్ పెంచే ఆలోచన ఉంటే ఈ పనిని దానికి ముందే కొంత చేసుకోండి. కోట్లిన్ 2.1.0 నుంచి జేస్పెసిఫై యానొటేషన్లకు విరుద్ధంగా ఉన్న కోడ్ హెచ్చరికతో సరిపెట్టకుండా కంపైల్ ఎర్రర్ ఇస్తుంది. మీరు వాడే లైబ్రరీ ఏదైనా జేస్పెసిఫైకు మారి ఉంటే, మీ కోడ్‌లో ఒక్క అక్షరం మార్చకపోయినా బిల్డ్ ఆగిపోవచ్చు. కంపైలర్ ఆప్షన్‌తో ఆ యానొటేషన్లను తాత్కాలికంగా హెచ్చరిక స్థాయికి దించి బిల్డ్‌ను నిలబెట్టుకోండి, ఒక్కో మాడ్యూల్ సరిచేశాక ఆ మాడ్యూల్‌కు మాత్రం కఠిన స్థాయిని తిరిగి ఆన్ చేయండి. మీ క్రాష్ రిపోర్టుల్లో తరచుగా వస్తున్న రెండు మూడు స్టాక్ ట్రేస్‌లను ఇక్కడే పెడితే, పైన చెప్పిన దారుల్లో అవి ఏ దారిన వచ్చాయో చూసి చెబుతాను.